మెదడుకూ ఒక ఆది జాకెట్టు

ఆది జాకెట్టు లేనిదే మా ధర్మపురి దర్జీ కత్తెర పట్టడు. అరంగుళం తేడా వస్తే మనం ఊరుకుంటామా మరి! మనసుకు మందిచ్చే డాక్టరుకు మాత్రం అలాంటి ఆది ఏదీ లేదు. ఒక మందిచ్చి చూడాలి, కుదరకపోతే ఇంకొకటి. ఈ సంగతి మా చిన్నాడబిడ్డ జబ్బుపడ్డాకనే నాకు తెలిసింది.

తల దువ్వుకోవడం మానేసింది. అన్నం ముందు కూచుని గోడకేసి చూసేది. "గాలి సోకింది, నరసింహస్వామి గుడి చుట్టూ తిప్పండి" అన్నారు ఇరుగమ్మలు. తిప్పాం. స్వామికి మొక్కి, కరీంనగర్‌లో డాక్టరుకూ చూపించాం. దిగులుజబ్బు అన్నారాయన. ఆ మందులు పనిచేస్తున్నాయో లేదో తేలడానికే వారాలు పడుతుంది. మొదటిది పనిచెయ్యలేదు. రెండోదానికి పొద్దస్తమానం నిద్ర. మూడోది కుదిరేసరికి ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ దాని పిల్ల నా కొంగు పట్టుకునే తిరిగింది.

అందుకే మొన్న మా అబ్బాయి ఒక కబురు చెప్పగానే చేతిలో చేట పక్కన పెట్టి విన్నాను. మనిషి మెదడును స్కాను తీసి, ఏ భాగం నుంచి ఏ భాగానికి దారులున్నాయో చూసి, కంప్యూటర్లో లెక్కలతో అలాంటి మెదడునే నడిపిస్తారట. ఫ్రాన్సులో మార్సెయ్ నగరంలో విక్టర్ యిర్సా అనే ఆయన బృందం దీన్ని మూర్ఛరోగుల మీద ప్రయత్నించింది. మూర్ఛ ఎక్కడ పుడుతోందో ఆపరేషనుకు ముందే కనిపెట్టాలని. 2024లో యూరప్ వాళ్ళు స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకూ ఇది పనికొస్తుందేమో చూడ్డం మొదలుపెట్టారు. ఎవరికి ఏ మందు కుదురుతుందో ముందు ఆ కంప్యూటర్ మెదడు మీద చూసుకోవాలని వాళ్ళ ఆశ. ఇంకా పరిశోధనే సుమండీ, రేపు కరీంనగర్ వెళ్ళి అడిగేరు!

మరి పరాయివాళ్ళ ఆదితో మనకు కుడితే కుదురుతుందా? హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో 100 మంది మనవాళ్ళ స్కానులతో భారతీయుల మెదడు పటం తయారుచేశారు. పాశ్చాత్యుల మెదడు కన్నా మనది సగటున చిన్నదట. (చిన్నదంటే తెలివి తక్కువని కాదు. మావారికి ముందే చెప్పి ఉంచాను.)

నాకున్న సందేహం ఇంకొకటి. దాని పెనిమిటి మస్కట్ వెళ్ళి నాలుగేళ్ళయింది. ఆ సంగతి ఏ స్కానులో పడుతుంది? డాక్టరుగారు ఆ మాట అడిగిన రోజునే అది మొదటిసారి ఏడ్చింది.

ఈ కంప్యూటర్ కథంతా దానికి చెప్తే నవ్వింది. "మందులన్నీ ఆ మెదడుకే మింగబెట్టుమను వదినె. నాకీ నోరెండుడు తప్పితది" అంది.