పండినా... పచ్చనే!

టమాటా పండిందని ఎలా తెలుస్తుంది? 'ఎర్రబడితే' అంటారు ఎవరైనా. కానీ ఎంత పండినా ఎర్రబడని టమాటాలూ ఉన్నాయి. పైన పచ్చ, కోస్తే లోపలా పచ్చే. నోట్లో వేసుకుంటే మాత్రం తేనెలాంటి తీపి! వాటిలో పేరున్న ఓ రకం అమెరికాలోని ఓ చిన్న ఊరి పెరట్లోంచి వచ్చింది. దాన్ని దాచి ఉంచింది ఏ విత్తనాల కంపెనీయో కాదు... ఓ ఇల్లాలు.

ఆ ఊరు గ్రీన్‌విల్. టెన్నెసీ రాష్ట్రానికి తూర్పు కొసన, అపలాచియన్ కొండల నీడలో ఉంటుంది. నాక్స్‌విల్ నగరం నుంచి సుమారు 110 కిలోమీటర్లు. అబ్రహాం లింకన్ హత్య తర్వాత 1865లో అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ ఈ ఊళ్లోనే దర్జీగా బట్టలు కుట్టాడు. ఆయన కుట్టుపని చేసిన కొట్టును ఇప్పటికీ భద్రంగా కాపాడుతున్నారు. ఊరి పేరులో 'గ్రీన్' చూసి టమాటా రంగును బట్టి పెట్టారనుకుంటే పొరపాటే. అది స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జనరల్ నథానియెల్ గ్రీన్ పేరు. టమాటా రంగు, ఊరి పేరు కలవడం వట్టి కాకతాళీయం!

ఈ ప్రాంతం వాళ్లకి టమాటా అంటే ప్రాణం. గ్రీన్‌విల్‌కి పడమటి వైపున్న గ్రెయింజర్ కౌంటీలోనైతే ఏటా జులైలో టమాటా పండగే చేస్తారు. అయితే పండగంతా ఎర్ర పండ్లదే. 'పచ్చ టమాటా' అనగానే ఇక్కడివాళ్లకీ గుర్తొచ్చేది పచ్చికాయే. చలికాలం వస్తే మంచు కురిసి తీగలు మాడిపోతాయి. ఆలోపే మిగిలిన కాయలన్నీ కోసి, చక్రాలుగా తరిగి, మొక్కజొన్న పిండి అద్ది వేయిస్తారు. మనం పచ్చి టమాటాలతో రోటిపచ్చడి చేసుకోమూ... అలాగే. పచ్చికాయ రుచి అక్కడా ఇక్కడా తెలుసు. పచ్చగా ఉన్న పండు రుచే చాలామందికి తెలియదు.

రూబీ అత్త విత్తనం

గ్రీన్‌విల్‌లో ఉండే రూబీ ఆర్నాల్డ్‌కి ఆ రుచి చిన్నప్పటి నుంచీ తెలుసు. జర్మనీ నుంచి వలస వచ్చిన ఆమె తాత ఆ విత్తనాన్ని ఏటేటా దాచుకునేవాడట. ఆ అలవాటు మనవరాలికీ వచ్చింది. ఆమె దాన్ని 'జర్మన్ గ్రీన్' అని పిలిచేది, అంతే. ఊరూ పేరూ అక్కర్లేని ఇంటి పంట అది. బంధువుల్లో ఆమెను 'ఆంట్' అని పిలిచే ఒకామె ఆ విత్తనాన్ని సీడ్ సేవర్స్ ఎక్స్‌చేంజ్ సభ్యులకు అందించింది. పాతకాలపు విత్తనాలను ఇచ్చిపుచ్చుకునే ఆ సంస్థ 1975లో మొదలైంది. దాని క్షేత్రం అయోవా రాష్ట్రంలోని డెకోరాలో ఉంది. అలా ఇల్లు దాటిన టమాటా పేరు 'ఆంట్ రూబీస్ జర్మన్ గ్రీన్' అయింది. ఇంగ్లిష్‌లో ఆంట్ అంటే అత్తా కావచ్చు, పిన్నీ కావచ్చు. మనం రూబీ అత్త అనేసుకుందాం!

1997లో రూబీ ఆర్నాల్డ్ కన్నుమూసింది. అప్పటికే ఆ విత్తనం ఇల్లు దాటింది కాబట్టి బతికింది. ఆ విత్తనాలు ఆమె ఇంటి డబ్బాలోనే ఉండిపోయి ఉంటే..? రెండు మూడు తరాలు కాపాడిన రకం ఒక్క మనిషితో పోయేది. ఎన్ని ఊళ్లలో, ఎన్ని డబ్బాల్లో అలాంటివి పోయాయో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఎరుపు ఎందుకు రాదంటే...

మామూలు టమాటా పండేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఒకటి, కాయలోని పత్రహరితం కరిగిపోతుంది. రెండు, లైకోపీన్ అనే ఎర్ర రంగు పడుతుంది. పచ్చగా పండే రకాల్లో ఈ రెండూ జరగవు. పత్రహరితాన్ని విరగ్గొట్టే ఏర్పాటులో ఒక జన్యువు మారింది. ఎరుపును తయారుచేసే దాంట్లో మరో జన్యువు మారింది. పచ్చ పోదు, ఎరుపు రాదు. మొదటి మార్పు ఒక్కటే ఉండి ఎరుపు కూడా వచ్చిందనుకోండి... రెండూ కలిసి గోధుమ రంగు వస్తుంది. 'బ్లాక్ క్రిమ్', 'చెరోకీ పర్పుల్' లాంటి నల్లటి టమాటాల రహస్యం ఇదే.

రంగు సంగతి ఎలా ఉన్నా మిగతా పండటం అంతా మామూలే. గుజ్జు మెత్తబడుతుంది, తీపి పెరుగుతుంది, కమ్మటి వాసన వస్తుంది. పచ్చికాయలో ఉండే టొమాటిన్ అనే చేదు పదార్థమూ తగ్గిపోతుంది.

ఏది నాటాలి?

పెరడు చిన్నదైనా, కుండీలే ఉన్నా మొదట 'గ్రీన్ జీబ్రా' నాటుకోవడం మేలు. టామ్ వాగ్నర్ అనే ఆయన ఏళ్ల తరబడి సంకరం చేసి దీన్ని తయారుచేశాడు. 1983లో తన విత్తనాల పట్టికలో పెట్టాడు. అంతకుముందే ఉన్న 'ఎవర్‌గ్రీన్' అనే పచ్చ టమాటాకు పగుళ్లు ఎక్కువ. పగలని పచ్చ టమాటా కోసం మొదలైన ప్రయత్నమే ఈ చారల పండు. నిమ్మకాయంత ఉంటుంది. పులుపూ తీపీ కలిసి చురుక్కుమంటుంది. నాటిన రెండున్నర నెలలకు పండుతుంది. అన్నిటికన్నా మేలు ఏమిటంటే, పండాక లేతచారలు పసుపు రంగుకు తిరుగుతాయి. కొత్తవాళ్లకీ గుర్తుపట్టడం తేలిక.

పెద్ద పండు కావాలంటే 'చెరోకీ గ్రీన్'. ఉత్తర కరోలినాలోని రాలేలో క్రెయిగ్ లెహూలియర్ అనే తోట ప్రియుడికి 1997లో ఇది అనుకోకుండా దొరికింది. ఆయన వేసింది 'చెరోకీ చాక్లెట్' అనే గోధుమరంగు రకం విత్తనం. వచ్చింది పచ్చ టమాటా! దీని తొక్క పసుపు కాబట్టి పండాక కాయకు తేనెరంగు ఛాయ వస్తుంది.

ఇక రూబీ అత్త టమాటా. ఒక్కో పండూ అరకిలో దాకా తూగుతుంది. తీగ మనిషికన్నా ఎత్తు ఎదుగుతుంది కాబట్టి గట్టి ఊతం ఉండాలి. దాదాపు మూడు నెలలు ఓపిక పట్టాలి. దీని తొక్క పసుపురంగు తెచ్చి చూపించదు. కాయ అడుగున లేత గులాబీ ఛాయ తేలితే అదే సంకేతం. అదీ ఒక్కోసారి రాదు. రుచికి ముందుండే ఈ పండు గుర్తుపట్టడంలో మాత్రం కష్టపెడుతుంది. అందుకే మొదటి ఏడాది గ్రీన్ జీబ్రాతో చేయి తిప్పుకుని, రెండో ఏడాది దీని జోలికి వెళ్లడం మంచిది.

కళ్లకు కాదు... చేతికి!

పచ్చ టమాటాలు వేసినవాళ్లలో చాలామంది మొదటి పంటను పోగొట్టుకుంటారు. ఇంకా పండలేదు, ఇంకా పండలేదు అని ఎదురుచూస్తుంటే కాయ తీగ మీదే మెత్తబడి కుళ్లిపోతుంది. లేదా ఇంట్లో పెద్దవాళ్లు పచ్చికాయలనుకుని కోసి పప్పులో వేసేస్తారు. అందుకే మొక్క దగ్గర పేరు రాసిన చీటీ తప్పనిసరి. పిందె పడిన తేదీని రాసుకుంటే ఇంకా మంచిది. పూత నుంచి పండుకు సాధారణంగా ఆరేడు వారాలు. పెద్ద రకాలకు ఇంకాస్త ఎక్కువ. ఆ రోజులు దగ్గరపడ్డాక ప్రతి ఉదయం కాయను అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో అడుగుభాగాన్ని మెల్లగా నొక్కి చూడాలి. కాస్త లొంగితే పండినట్టే. రాయిలా ఉంటే ఆగాలి.

ఇవి దుకాణాల్లో ఎందుకు కనిపించవో కూడా ఇక్కడే తెలుస్తుంది. మదనపల్లె మార్కెట్లో కాయను చూడగానే ధర పలుకుతారు. రంగే అక్కడ భాష. పండినా పచ్చగా, మెత్తగా ఉండేదాన్ని ఎవరు కొంటారు, లారీ ఎక్కించి ఎంత దూరం పంపుతారు? అమెరికాలోనైనా అంతే. రైతుల సంతల్లోనో, కొన్ని పెద్ద హోటళ్లలోనో తప్ప దీనికి చోటు లేదు. అంటే ఈ పండుకు పెరడే దిక్కు. పెరట్లో వేసేవాళ్లు మానేస్తే దానికి మరో చిరునామా లేదు.

మన మేడ మీదైతే...

రాత్రుళ్లు బాగా వేడిగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది. కాబట్టి మన దగ్గర ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నారు పోసుకుంటే చలికాలంలో కాయలు నిలుస్తాయి. ఒక్కో మొక్కకు కనీసం ఇరవై లీటర్ల కుండీ కావాలి. పెద్ద రకాలకు అంతకు రెట్టింపు. అమెరికాలో ఉన్న పిల్లలు సూట్‌కేసులో విత్తనాలు పడేసి తెచ్చేయకూడదు. మొక్కల తెగుళ్లు రాకుండా ప్రభుత్వ అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలన్నది నిబంధన. మన దేశంలోనే పాతరకాల విత్తనాలు అమ్మేవాళ్ల దగ్గర గ్రీన్ జీబ్రా దొరుకుతోంది.

ఒకసారి కొంటే చాలు. ఇవి హైబ్రిడ్లు కావు, దాచిన విత్తనం నుంచి అదే పండు వస్తుంది. బాగా పండిన కాయ గుజ్జును గింజలతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచుకోవాలి. దాచుకోవడమే కాదు, రెండు ఇళ్లకు పంచాలి. రూబీ అత్త విత్తనం బతికింది అలాగే.

అయినా పచ్చగా పండే పండు మనకేం కొత్త? సీతాఫలం ఎర్రబడే దాకా ఎవరైనా ఆగుతారా? కళ్లు విచ్చాయో లేదో చూసి కోస్తాం, మగ్గబెడతాం, మెత్తగా నొక్కి చూసి విప్పుతాం. బామ్మలు పిల్లలకు నేర్పిన విద్యే అది. ఆ చేతివాటమే ఈ టమాటాకూ కావాలి.