చదవకముందే చెరిగిపోయే మాట

పూర్వం గ్రామాలలో ఒక వార్తను అందరికీ తెలియజేయటానికి రెండు పద్ధతులు ఉండేవి. దండోరా వేయించటం ఒకటి, చావడి గోడకు కాగితం అంటించటం రెండవది. దండోరా క్షణంలో ముగిసిపోతుంది. కనుకనే దానిని వీధివీధికీ తిరిగి వినిపించేవారు. కాగితం మాత్రం చదివేవాడు వచ్చేదాకా వేచి ఉండేది. నేడు కంప్యూటర్ తెర మీద ఒక మూల తలెత్తే నోటిఫికేషన్లకు ఈ రెండింటిలో ఏ ధర్మం వర్తించాలి? పైకి ఇది అల్పమైన ప్రశ్నగానే తోస్తుంది. కాని బ్యాటరీ అయిపోవస్తున్నదన్న హెచ్చరిక కళ్ళజోడు సవరించుకునే లోపలే మాయమైతే, గంటసేపు శ్రమించి వ్రాసుకున్నది పోగొట్టుకునే వృద్ధుడికి అది అల్పం కాదు.

విండోస్‌లో మామూలుగా నోటిఫికేషన్ తెరపై నిలిచేది 5 సెకండ్లు. కోరుకున్నవారు దానిని 5 నిమిషాల వరకు పెంచుకోవచ్చు. మాక్ కంప్యూటర్లలో రెండు తరగతులున్నాయి: కొద్దిసేపటికి తనంత తానే తప్పుకునేది ఒకటి, మనిషి తొలగించేదాకా కదలనిది మరొకటి. ఏ ప్రోగ్రాముకు ఏది తగునో వాడేవారే నిర్ణయించుకోవచ్చు.

లినక్స్ డెస్క్‌టాప్‌ల మధ్య ఈ విషయమై ఒక ఉమ్మడి ఒడంబడిక ఉన్నది. తన నోటిఫికేషన్ ఎంతసేపు కనిపించాలో ప్రోగ్రాము మిల్లీసెకండ్లలో కోరవచ్చు. సున్న అని వ్రాస్తే గడువే లేదని అర్థం. మైనస్ 1 అని వ్రాస్తే నిర్ణయం డెస్క్‌టాప్‌కు వదిలినట్లు. ప్రాముఖ్యాన్నిబట్టి స్వల్పం, సామాన్యం, అత్యవసరం అని మూడు అంతస్తులు కూడా ఏర్పరచారు. అత్యవసరమైనది తనంత తాను మాయం కాకూడదని నియమం. అయితే గడువు విషయంలో ప్రోగ్రాము చేసేది విన్నపం మాత్రమే. 2009లో ఉబుంటు ప్రవేశపెట్టిన నోటిఫికేషన్ల విధానం ఆ విన్నపాన్ని లెక్కచేయలేదు. గ్నోమ్ కూడా ఆ దారినే పట్టింది. ఇందులో కొంత లోకజ్ఞానం లేకపోలేదు. తన మాట అప్రధానమని ఒప్పుకునే వక్త ఎక్కడ దొరుకుతాడు?

గడువు తీరిన మాట ఎక్కడికి పోవాలన్నది తరువాతి చిక్కు. దానిని భద్రపరచే చోటు మాక్‌లో 2012లోను, విండోస్ 10తో 2015లోను ఏర్పడింది. గ్నోమ్‌లో పైనున్న గడియారం మీద నొక్కితే ఆ జాబితా కనిపిస్తుంది. కేడీఈ ప్లాస్మా కూడా గతించిన నోటిఫికేషన్ల చరిత్రను చూపుతుంది. తెర మీద తప్పిపోయిన మాటను అక్కడ వెదకి పట్టుకోవచ్చు.

అలాగని అన్నిటినీ నిలిపి ఉంచటమూ మేలు కాదు. పోగుపడిన నోటిఫికేషన్లను విసుగుతో ఒక్క నొక్కుతో తుడిచివేసేవారు, వాటి నడుమనున్న ముఖ్యమైనదాన్ని కూడా తుడిచివేస్తారు. అదిగాక, తెరపై నిలిచిన స్వవిషయం దారిన పోయేవారి కంటబడుతుంది.

మన దేశంలో ఈ ప్రశ్నకు మరొక ముఖం ఉన్నది. ఇక్కడ చాలామందికి తెర మీది భాష మాతృభాష కాదు. ఆంగ్లవాక్యాన్ని చదివి, మనసులోనే తన భాషలోకి మార్చుకొని, చేయవలసినదేమిటో తేల్చుకునేవానికి 5 సెకండ్లు చాలవు. చూపు మందగించినవారికీ, చేయి వణికేవారికీ అంతే. వెబ్ పుటలలో కాలపరిమితి ఉన్నచోట దానిని తొలగించుకునేందుకో, పొడిగించుకునేందుకో సాధారణంగా వీలుండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008 నాటి మార్గదర్శకాలలోనే పేర్కొన్నది. ఆ న్యాయం డెస్క్‌టాప్‌కు మాత్రం ఎందుకు వర్తించకూడదు?

మాట ఎంత ముఖ్యమైనదో పంపేవాడు చెప్పవచ్చు. దానిని చదవటానికి ఎంత కాలం కావాలో చదివేవాడికే తెలుసు. ఇంట్లో పెద్దలకు కంప్యూటర్ అమర్చి ఇచ్చేవారు అక్షరాల పరిమాణం పెంచటంతోనే ఆగిపోతారు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ విభాగం తెరచి, నోటిఫికేషన్ల గడువును 30 సెకండ్లకు మార్చటానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం వెచ్చించినవారు పెద్దల తొందరపాటును కొంత తగ్గించినవారవుతారు.