సీటు లేని సైకిలు

పోయిన ఏడు మా నాయన సైకిలు అమ్మినాను. పాత సైకిలు అమ్ముకోవడం కూడా ఒక కతేనా అంటారేమో. బేరమంతా సజావుగానే జరిగింది. సీటు కాడికొచ్చి తెగింది.

మాది మర్రిపాడు మండలంలో మెట్ట పల్లె. పడమటేమో వెలిగొండలు. ఊరికి ఎడంగా మా మాదిగపల్లె. నెల్లూరు–ముంబాయి రోడ్డు ఎక్కాలంటే పెద్దోళ్ళ వీధిలో నుంచే పోవాల. ఇంకో దోవ లేదు.

1979లో నాయన ఆత్మకూరులో పాత అట్లాస్ సైకిలు కొన్నాడు. చెప్పులు కుట్టి, కూలికి పోయి రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు. సీటు తోలు చినిగిపోయి స్ప్రింగులు బయటికొచ్చి ఉన్నాయి. నాయన కొత్త సీటు కొనలేదు. సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో పదును చేసిన ఎద్దుతోలు ఇంట్లోనే ఉంది. కోసి, మైనం పట్టించిన దారంతో ఆరె పట్టుకుని రెండు రాత్రులు కుట్టినాడు. అట్టాంటి సీటు మా చుట్టుపక్కల ఎవురి సైకిలుకీ లేదు.

అయితే ఆ సీటుమీద నాయన మా ఊళ్ళో కూర్చోలేదు. వీధి మొదట్లో వేపచెట్టు ఉండేది. ఆడ దిగేవోడు. చెప్పులిప్పి హాండిలుకు తగిలించేవోడు. ఆ వీధిలో సగంమంది కాళ్ళకుండే చెప్పులు ఆయన కుట్టినవే. తన కాళ్ళకు మాత్రం ఉండగూడదు. రోడ్డు వచ్చిందాకా సైకిలు నడిపించుకుంటా పోయి అప్పుడు ఎక్కేవోడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు నేను వెనక క్యారేజీ మీద ఉన్నాను. నాయన దిగినాడు, నేను దిగలేదు. అరుగుమీద నుంచి ఒకాయన, ‘ఏరా, నీ కొడుక్కు కాళ్ళు లేవా?’ అన్నాడు. నాయన నన్ను రెక్కపట్టి కిందికి లాగి చెంపమీద కొట్టినాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఆ దెబ్బ ఎవురికి తగలాల్సిందో తెలిసేదానికి నాకు చానా ఏళ్ళు పట్టింది.

1985లో కారంచేడు జరిగినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. పెద్ద పిలకాయలు పేపరు గట్టిగా చదువుతుంటే విన్నాను. ఆ సంక్రాంతికి ఇంటికొచ్చి వేపచెట్టు కాడ దిగకుండా తొక్కుకుంటా పోయినా. సాయంత్రం నాయనను పిలిపించి దండం పెట్టించుకున్నారు. మా ఇంట్లోవాళ్ళను వారం దినాలు కూలికి పిలవలేదు. అమ్మ తిట్టింది. నాయన మాత్రం గమ్మున ఉన్నాడు. తరవాత మా పల్లె పిలకాయలం ఒకరి వెనక ఒకరం తొక్కుకుంటా పోవడం మొదలుపెట్టినాం. ఎంతమందినని దింపుతారు? మెల్లగా అడగడం మానుకున్నారు. నాయన మాత్రం దిగతానే ఉన్నాడు. ‘ఇంకెందుకు నాయనా?’ అంటే, ‘కాళ్ళు అలవాటుపడి పోయినాయబ్బయా’ అన్నాడు. ఈ జవాబు మనసులోనుంచి ఇప్పటికీ పోదు.

నాయన 2009లో పోయినాడు. 1989 నాటి అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించినారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. మనోళ్ళను నలుగురు తిరిగే చోట సైకిలు ఎక్కనీకుండా, చెప్పులు తొడగనీకుండా, కొత్తబట్టలు కట్టనీకుండా అడ్డుపడడం నేరమని అందులో విడిగా రాసినారు. చట్టంలో ‘సైకిలు’ అనే మాట రాయాల్సి వచ్చిందంటే మా వీధిలాంటి వీధులు ఈ దేశంలో ఎన్ని ఉండాల! చదవతా ఉంటే నాకు వేపచెట్టే కనపడింది.

పోయిన ఏడు సైకిలు కొట్టంలోనుంచి బయటికి తీసినా. కిరసనాయిలు పోసి, ఉప్పుకాగితంతో తుప్పు గీకి, బాల్సు మార్చి, గ్రీజు పెట్టి, టైర్లు ట్యూబులు కొత్తవి వేసినా. సీటుకు ఆముదం రాస్తే నిన్న కుట్టినట్టు నిగనిగలాడింది. కూతురి నర్సింగు ఫీజుకు డబ్బు తక్కువైంది. పాత సైకిళ్ళు సేకరించే ఆయన ఒకడు కారులో వచ్చినాడు. సాహిబాబాదులో అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినం నాడే మూతబడిందంట, ఇట్టాంటి బండ్లు ఇంక రావంట. 9,000కు ఒప్పుకున్నాడు.

‘అంతా ఒరిజినలేనా?’ అన్నాడు.

‘సీటు మా నాయన కుట్టింది.’

‘అయితే తీసిపారేసి కంపెనీది వెయ్యాల. 1,500 తగ్గించుకోండి. అవునూ, ఈ గ్రిప్పులేంది ఇట్టా అరిగిపోయినాయి?’

‘ఊళ్ళో నడిపించుకుంటా పోయేవోడు.’

‘ఎందుకూ?’

చెప్పినా. కొంచేపు పలకలేదు. తరవాత, ‘ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వండి సార్. ఇట్టాంటి కత ఉంటే బండికి విలువ పెరుగుద్ది. తగ్గించిన 1,500 కూడా ఇచ్చేస్తా’ అన్నాడు.

చెడ్డోడు కాడు. తెలవనోడు. నేను లోపలికి పోయి రెంచీ తెచ్చి సీటు ఊడదీసినా. ‘ఈ సీటూ అమ్మను, కతా అమ్మను. ఇనుము తీసకపోండి’ అన్నా. 7,500 లెక్కబెట్టి ఇచ్చినాడు.

ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు. నా కూతురు స్కూటీ మీద ఆ వీధిలోనే పోతాది. ఒకప్పుడు ఆడ దిగాల్సి ఉండేదని దానికి తెలవదు. మొన్న గూట్లో ఉన్న సీటు చూసి, ‘తాత కూర్చున్న సీటా నాయనా?’ అనింది. కుట్టిన సీటని చెప్పినా. మిగతాది ఇక్కడ రాస్తున్నా, అది చదువుకునేదానికి.