ఎవరిని అడిగింది, ఏం జవాబొచ్చింది

మా ఆఫీసులో డేటాబేస్ సర్వర్ మొరాయిస్తే రాత్రి ఎంతైనా నాకే ఫోన్ వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఆ శనివారం రాత్రీ అంతే. పాత డిస్క్ నిండిపోయిందని డేటా మొత్తం కొత్త డిస్క్ మీదికి మార్చారు. మార్చింది మా టీంలో చేరి ఆరు నెలలైన అమ్మాయి. నేను వెళ్ళేసరికి ఆమె చుట్టూ నలుగురు మగవాళ్ళు నిలబడి "అసలేం ముట్టుకున్నావు?" అని అడుగుతున్నారు. మైల పడ్డట్టు.

సర్వర్ మొదలైనట్టే మొదలై రెండు సెకన్లలో ఆగిపోతోంది. లాగ్ ఫైలు ఖాళీ. డేటా ఫోల్డర్ ఎవరి పేర ఉందో చూస్తే సర్వర్ పేరే ఉంది. "ఓనర్‌షిప్ ఇచ్చాను మేడమ్, మూడుసార్లు చూసుకున్నాను" అంది ఆ అమ్మాయి. నిజమే, ఇచ్చింది.

మేం వాడేది మైఎస్‌క్యూఎల్. అందులో 'మై' అంటే 'నా' అనుకుంటారు చాలామంది. ఫిన్లండ్‌కి చెందిన మైకేల్ వీడెనియస్ తన కూతురు పేరు పెట్టాడు. 2009లో దానిలోంచి వేరుచేసిన మారియాడీబీది చిన్న కూతురు మారియా పేరు. ఆడపిల్లల పేర్లున్న యంత్రాల చుట్టూ ఆ రాత్రి నిలబడ్డవాళ్ళు ఎవరో చెప్పాను కదా.

లాగ్ అంటే ప్రోగ్రాం తన గురించి తాను చెప్పదలుచుకున్నది. అది నోరు విప్పనప్పుడు నేను స్ట్రేస్ పెడతాను. 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ సన్ఓఎస్ కోసం రాసిన పనిముట్టు, తర్వాత లినక్స్‌కి వచ్చింది. ఏ ప్రోగ్రామూ తనంతట తాను ఒక ఫైలు తెరవలేదు, ఒక అక్షరం రాయలేదు. ప్రతిదానికీ కెర్నెల్‌ని అడగాలి. ఆ అడగడమే సిస్టమ్ కాల్. ఏం అడిగింది, ఏం జవాబొచ్చింది, స్ట్రేస్ వరసగా రాసిపెడుతుంది. దాంతో ప్రోగ్రాం బాగా నెమ్మదిస్తుంది. అసలు నడవనిదానికి నెమ్మదేమిటిలే.

సర్వర్‌ని లేపే స్క్రిప్టు మీదే పెట్టాను, అది పుట్టించే ప్రాసెస్‌లన్నిటినీ వెంబడించమని. వేల లైన్లు వచ్చాయి. కొత్తగా చూసేవాళ్ళకి అన్నీ కాదనడాలే కనిపిస్తాయి. కాన్ఫిగరేషన్ ఫైలు కోసం ఒకచోట వెతుకుతుంది, లేదు. ఇంకోచోట, అక్కడా లేదు. వాటికి కంగారు పడక్కర్లేదు. 'అలాంటిది లేదు' అనే జవాబు నంబరు 2. నేను వెతికేది 13, 'నీకు అనుమతి లేదు'. కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళాను. లాగ్ ఫైలు తెరవబోయింది: 13. ఆ తర్వాతి లైను దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఫలానా ఫైలు తెరవలేకపోతున్నాను, పర్మిషన్ లేదు అని పూర్తి వాక్యం రాసింది, తప్పులు చెప్పుకోవడానికి ప్రోగ్రాంకి ఉండే రెండో నంబరు దారిలోకి. ఆ దారిని మా స్క్రిప్టు డెవ్ నల్‌లోకి తిప్పేసింది. అక్కడ పడ్డదేదీ మిగలదు.

ఇన్నిసార్లూ అది చెబుతూనే ఉంది.

మిగతాది అయిదు నిమిషాల పని. ఫోల్డర్ సర్వర్‌దే. దాని పై ఫోల్డర్‌ని మాత్రం, కొత్త డిస్క్ సిద్ధం చేసినతను 700తో వదిలేశాడు. అంటే రూట్‌కి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. గది మన పేర ఉంటే చాలదు, గది దాకా ఉన్న ప్రతి గుమ్మానికీ 'ఎక్స్' అనే అక్షరం ఉండాలి. 711 చేశాను, సర్వర్ లేచింది. "ఓ, అదా" అన్నాడతను. అమ్మాయిని అడిగిన ప్రశ్న అతన్నెవరూ అడగలేదు.

డెవ్ నల్ లైను తీసేస్తూ, ఎవరు రాశారా అని పాత మార్పుల చరిత్ర చూశాను. నేనే. 2011లో. 'అనవసరపు మెసేజీలు ఆపాను' అని కింద నా మాట.

ఇంటికొచ్చేసరికి తెల్లారింది. ప్రతి ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తాను. "ఎలా ఉన్నావమ్మా" అంటే "నాకేం, బానే ఉన్నా" అంటుంది. తెనాలి దగ్గర అమ్మకి ఎకరం పొలం ఉంది, పసుపు కుంకుమ కింద తాతయ్య ఇచ్చింది. 1985 నుంచి అమలైన సవరణ కూతుళ్ళకి సమాన వాటా ఇచ్చినా, అప్పటికే పెళ్ళయిన అమ్మలాంటివాళ్ళని వదిలేసింది. కాబట్టి ఆ ఎకరమే ఆమెది. "అక్క పేర రాసిచ్చాంగా" అని మామయ్య నలుగురిలో చెప్పుకుంటాడు.

ఆ రోజు ఎలా ఉన్నావని అడగలేదు.

"అమ్మా, పాసు పుస్తకం ఎక్కడుంది?"

"మామయ్య బీరువాలో. ఎందుకే?"

"కౌలు డబ్బులు ఎవరి చేతికొస్తాయి?"

"వాడే చూసుకుంటాడు."

"నువ్వెప్పుడూ అడగలేదా?"

"ఎందుకడగలేదు."

"ఏమన్నాడు?"

"నీకెందుకక్కా డబ్బులు, కావలిస్తే చెప్పు, ఇస్తాగా అన్నాడు."

"నాతో ఒక్కసారైనా చెప్పచ్చుగా."

కాసేపు ఏమీ వినిపించలేదు. కుక్కర్ కూతేసింది.

"చెప్పానుగదే. నీ డిగ్రీ ఫీజప్పుడు ఒకసారి, నీ పెళ్ళప్పుడు ఒకసారి. నువ్వేదో పనిలో ఉన్నావు."