నల్లగొండను తిరగేస్తే

"నల్లగొండ" అంటే కంప్యూటర్‌కు ఎనిమిది గుర్తులు. యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో వీటిల ఒక్కో గుర్తుకు రెండు బైట్లు. 'న' అంటే 0సీ, 28. ఏ బైట్ ముందో తెలియని ప్రోగ్రాం దాన్ని 280సీ అని చదివిందనుకోండి, అది బ్రెయిలీ చుక్కల గుర్తు! 'ల' బ్రాకెట్లో కూసున్న కొరియన్ అక్షరమైతది, పొల్లు గుర్తు చైనా అక్షరమైతది, 'గ' ఫిలిప్పీన్స్ పాత లిపిలోకి పోతది, 'డ' జర్మన్ల పాతకాలపు హెచ్ అయితది. పాలమూరు కూడా తప్పించుకోలేదు: 'ప' నాలుగు ఇంటిగ్రల్స్ కలిసిన లెక్కల గుర్తు, 'ర' జపనీస్ కొటేషన్ గుర్తు.

అందుకే ఫైల్ మొదట్ల బైట్ల వరస చెప్పే గుర్తు, బీఓఎం (బైట్ ఆర్డర్ మార్క్) పెడతరు: ఎఫ్ఈ, ఎఫ్ఎఫ్. అది తిరగబడి ఎఫ్ఎఫ్, ఎఫ్ఈ అని కనబడితే, ఆ నంబరుకు యూనికోడ్‌లో అక్షరమే లేదు గనక, బైట్లు తారుమారైనయని ప్రోగ్రాంకు తెలిసిపోతది.

యూటీఎఫ్-8లో ఈ పంచాయితీ లేదు. తెలుగు గుర్తుకు మూడు బైట్లు, వరస ఒక్కటే; నల్లగొండకు 24 బైట్లు. అయినా తిప్పలు తప్పవు. సీఎస్‌వీ ఫైల్‌కు బీఓఎం లేకుంటే విండోస్ ఎక్సెల్‌లో తెలుగంతా గజిబిజి అయితది. పెడితేనేమో లైనక్స్‌లో స్క్రిప్టు మొదటి కాలమ్ పేరే దొరకలేదంటది, ఎందుకంటే ఆ పేరు ముందట కంటికి కనబడని గుర్తుంటది. పైథాన్‌లో చదివేటప్పుడు 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే బీఓఎం ఉన్నా లేకున్నా నడుస్తది.

ఊర్ల లిస్టులు పంపేటోళ్లకు ఒక్కటే మనవి: ఫైల్‌తో పాటు ఎన్‌కోడింగ్ ఏందో కూడా రాయుండ్రి.