ఇల్లు మనది, నేల వాళ్ళది

ఫిజీకి ఉద్యోగాల మీద వచ్చిన మాబోటి కొత్తవాళ్ళకు ఇక్కడి పాత తెలుగు కుటుంబాల గోడు మొదట్లో అర్థం కాదు. ఇల్లుంటుంది, ట్రాక్టరుంటుంది, పిల్లలు ఆక్లాండులోనో సిడ్నీలోనో ఉంటారు. దున్నే నేల మాత్రం చాలామందికి సొంతం కాదు.

బా పట్టణానికి అవతల ఉండే ఒక చెరకు రైతు తాతగారు విశాఖ జిల్లా మనిషి. మద్రాసులో ఓడెక్కి గిరిమిట్ (ఒప్పందపు) కూలీగా వచ్చారట. మనవడికిప్పుడు డెబ్బై దాటాయి. తెలుగు నాలుగు ముక్కలే మిగిలింది, మిగతాదంతా ఫిజీ హిందీ. బీరువాలోంచి కౌలు పత్రం తీసి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగినచోటల్లా టేపు అంటించి ఉంది. గడువు తేదీ మీద వేలు పెట్టి, "ఆ రోజు దాటితే ఈ గోడలు కూడా నావి కావు బాబూ" అన్నాడు.

ఈ చిక్కుముడి వేసింది బ్రిటిష్‌వాళ్ళు. 1874 అక్టోబరు 10న ఫిజీ వాళ్ళ చేతికి వచ్చింది. గవర్నరు ఆర్థర్ గోర్డన్ స్థానికుల నేలను ఇక అమ్మకూడదన్నాడు. న్యూజిలాండులో మావోరీలు పోగొట్టుకున్నట్టు వీళ్ళు పోగొట్టుకోలేదంటే అందులో ఆ నిర్ణయం పాలు ఉంది, కాదనలేం. కానీ దొరతనం నడవడానికి ఆదాయం కావాలి. అందుకు చెరకు, చెరకుకు కూలీలు. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి 60 వేల మందికి పైగా తెచ్చారు. 1903 తర్వాత మద్రాసు మీదుగా వచ్చినవాళ్ళలో గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాలవాళ్ళున్నారు. 1802లో అదే దొరతనం జమీందార్లకు భూమి రాసిచ్చి రైతును కౌలుదారును చేసిన ప్రాంతాలవి. అక్కడ నేల లేక బయల్దేరినవాళ్ళు ఇక్కడా కౌలుదార్లే అయ్యారు.

ఇప్పటికీ దేశంలో 80 శాతానికి పైగా భూమి స్థానిక వంశాల ఉమ్మడి ఆస్తి. ఆ వంశాన్ని మటంగాలి అంటారు. 1940లో పెట్టిన భూమి ట్రస్టు బోర్డే వాళ్ళ తరఫున కౌలుకిస్తుంది. 1970లో, మళ్ళీ అక్టోబరు 10నే, బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయారు. ముడి మాత్రం విప్పలేదు. 1976 కౌలు చట్టం 30 ఏళ్ళ కౌలు ఇచ్చింది. 1997 నుంచి, ఆ చట్టానికి ముందు రాసిన కౌళ్ళ గడువులు ఒక్కొక్కటే తీరిపోయాయి. కొందరికి తిరగరాశారు, కొందరి దగ్గర గుడ్‌విల్ పేరుతో ముందే డబ్బు అడిగారు. మరెందరో సామాన్లు లారీకెత్తుకుని రాజధాని సువా చుట్టుపక్కల గుడిసెల్లో చేరారు. 1987లోనూ 2000లోనూ ప్రభుత్వాన్ని కూల్చిన కుట్రల్లో "మా నేల" అన్న నినాదమే ముందు నిలిచింది.

మన సమావేశాల్లో ఈ ప్రస్తావన వస్తే స్థానికులను తిట్టడం వింటుంటాను. నాకది కష్టంగా ఉంటుంది. ఆ రైతు పొలం ఏ మటంగాలిదో ఆ ఊరి పెద్దాయన్నీ కలిశాను. చాప మీద కూర్చోబెట్టి, కావా పానీయం ఇచ్చి, "మా తాతలు ఈ నేల అమ్మలేదు. వచ్చే కౌలు వంశమంతా పంచుకుంటే ఒక్కో ఇంటికి ఏమొస్తుంది? మా కుర్రాళ్ళు ఎక్కడ సాగు చేసుకోవాలి?" అని అడిగాడు. బాగుచేయక ముందు నేలకు ఎంత విలువుండేదో లెక్కగట్టి, ఏడాది కౌలు అందులో 6 శాతం మించకూడదని చట్టం. ఆయన అడిగినదాంట్లో అన్యాయమేముంది?

ఇద్దరూ పేదలే, ఇద్దరిదీ న్యాయమే. లాభం తిన్న చక్కెర కంపెనీ సీఎస్‌ఆర్ 1973లోనే దేశం వదిలి వెళ్ళింది. గడువు తీరాక సొంతదారులు సాగు చేయలేక వదిలేసిన పొలాల్లో గడ్డి మొలిచింది. 1990ల నడిమి ఏళ్ళలో 40 లక్షల టన్నులు పండిన చెరకు ఇప్పుడు అందులో సగం కూడా లేదు.

కౌలు గడువు మనిషి జీవితకాలమంత ఉండాలి, సొంతదారుకు నేటి ధరను బట్టి డబ్బు ముట్టాలి, ఖాళీ చేసే రైతుకు కట్టిన ఇంటికీ నాటిన చెట్టుకూ పరిహారం దక్కాలి. మన సంఘాలు ఆ ఊరి పెద్దల పక్కన కూర్చుని ఈ మాట అడగాలి. ఇక వాయిదా వేయడానికి వీల్లేదు. 1997లో మరో 30 ఏళ్ళకు తిరగరాయించుకున్నవాళ్ళ గడువు 2027లో తీరుతుంది.