చందా కట్టి ఆడే ఆట

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఓక్లండ్‌కు పోయే పెద్ద వంతెన మధ్యలో వచ్చే దీవిని ఆనుకుని ఇంకో దీవి ఉంది. దాని పేరు ట్రెజర్ ఐలండ్. తెలుగులో చెప్పాలంటే నిధి దీవి. అది దానంతట అది పుట్టిన దీవి కాదు. 1939లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం సముద్రంలో రాళ్లూ మట్టీ పోసి కట్టారు. తరవాత అది నౌకాదళం చేతికి వెళ్లింది. 1997లో దళం ఖాళీ చేసింది.

కాలిఫోర్నియాలో ఉన్న చుట్టాలను చూడటానికి మీరు ఎప్పుడైనా వస్తే, వసంతకాలంలో ఒక శనివారం 25 నంబరు బస్సెక్కి అక్కడికి వెళ్లండి. ఎన్నో ఏళ్లుగా ఆ దీవి శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ అనే రగ్బీ క్లబ్బుకు సొంత ఊరి లాంటిది. ఆ వారం మ్యాచ్ ఎక్కడ ఉందో మాత్రం ముందే కనుక్కోండి. స్వెట్టర్ మరిచిపోకండి. అక్కడ గాలికి అడ్డు ఏమీ లేదు. ఎగరేసి తన్నిన బంతిని కూడా గాలి పక్కకు లాక్కుపోతుంది.

ఫిజీలోనో డర్బన్‌లోనో పెరిగినవాళ్లకు రగ్బీ ఏమిటో చెప్పక్కర్లేదు. కాని దాన్ని తెలుగులో చెప్పే అలవాటు మనలో చాలామందికి లేదు. అందుకని ఒకసారి చెప్పుకుందాం. జట్టుకు 15 మంది. 40 నిమిషాల చొప్పున రెండు సగాలు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. చేత్తో విసిరితే మాత్రం పక్కకో వెనక్కో విసరాలి, ముందుకు విసరకూడదు. అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై, 5 పాయింట్లు. ఆ తరవాత బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో 2. బంతి ఉన్నవాడి నడుమో కాళ్లో పట్టుకుని పడగొడతారు. మీ తాతలు చెడుగుడు ఆడి ఉంటే, ఆ పట్టు వాళ్లకు బాగా తెలిసే ఉంటుంది.

అమెరికాలో ఈ ఆట కొత్తది కాదు. 1906లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు అమెరికన్ ఫుట్‌బాల్‌ను మానేసి కొన్నేళ్లపాటు రగ్బీ ఆడాయి. ఆ నేల మీద పెరిగిన ఆటగాళ్లే ఎక్కువమందిగా ఉన్న జట్టు 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. 1924లో పారిస్‌లో ఫ్రాన్స్‌ను 17-3తో ఓడించి మళ్లీ గెలిచింది. ఆ తరవాత ఒలింపిక్స్ నుంచి రగ్బీని తీసేశారు. అది ఏడుగురి ఆటగా తిరిగి వచ్చింది 2016లో, రియోలో. అప్పుడు బంగారం ఎవరిదో మీకు తెలుసు. ఫైనల్‌లో ఫిజీ 43, బ్రిటన్ 7. ఫిజీకి అదే మొదటి ఒలింపిక్ పతకం. ఆ గెలుపు గుర్తుగా ఫిజీ ప్రభుత్వం 7 డాలర్ల నోటు కూడా వేసింది.

బంగారం వచ్చినా, అమెరికాలో రగ్బీకి డబ్బు రాలేదు. ఇక్కడ పెద్ద పట్టణాల క్లబ్బులు కలిసి 1997లో సూపర్ లీగు పెట్టుకున్నాయి. మనం ఇందాక చెప్పుకున్న గోల్డెన్ గేట్ క్లబ్బు 2009లో, 2011లో దాన్ని గెలిచింది. కాని దేశం పెద్దది. ఒక మ్యాచ్ ఆడాలంటే విమానం టికెట్లు, హోటల్ గదులు కావాలి. ఖర్చు మోయలేక క్లబ్బులు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. 2012 తరవాత ఆ లీగు లేదు.

అప్పుడు పడమటి వైపు క్లబ్బులు దగ్గరివాళ్లతోనే ఆడుకుందామని పసిఫిక్ రగ్బీ ప్రీమియర్‌షిప్ మొదలుపెట్టాయి. 2014లో మొదటి సీజన్. ఏడు జట్లు: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్, ఒలింపిక్ క్లబ్, దక్షిణ కాలిఫోర్నియా నుంచి బెల్మాంట్ షోర్, శాంటా మోనికా, శాన్ డియేగోలోని ఓంబాక్, కొలరాడో నుంచి గ్లెన్‌డేల్ రాప్టర్స్, డెన్వర్ బార్బేరియన్స్. దగ్గర అన్న మాట అమెరికా లెక్కలో అర్థం చేసుకోండి. డెన్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 1500 కిలోమీటర్లు.

2016 ఏప్రిల్‌లో ఆటగాళ్లకు జీతం ఇచ్చే ప్రో రగ్బీ అనే లీగు వచ్చింది. ఐదు జట్లలో మూడు కాలిఫోర్నియావే. అందులో శాక్రమెంటో ఎక్స్‌ప్రెస్ ఒకటి. ఒక్క సీజన్ ఆడారు. డెన్వర్ గెలిచింది. ఆ లీగు మళ్లీ ఆడలేదు. 2018లో ఏడు జట్లతో మేజర్ లీగ్ రగ్బీ వచ్చింది. అది నిలిచింది కాని, దానిలోనూ జట్లు వస్తూ పోతూ ఉన్నాయి. 2021లో కప్పు గెలిచిన లాస్ ఏంజెలెస్ జట్టు 2022 తరవాత లేదు.

ఇన్ని లీగులు పోయినా శనివారం ఆట ఎలా నిలిచింది? ఇక్కడి క్లబ్బుల్లో ఎక్కువమందికి జీతం ఉండదు. వాళ్లే ఏటా చందా కడతారు. పగలంతా పని చేసుకుని, సాయంత్రం దీపాల వెలుగులో సాధన చేస్తారు. మైదానంలో గీతలు గీసేది, నీళ్లు మోసేది, చిన్నపిల్లల జట్టును చూసుకునేది కూడా చాలావరకు వాళ్లే. అలాంటి చోటి నుంచే సాము మనోవా వచ్చాడు. ఓక్లండ్ అవతల కాంకర్డ్ అనే ఊళ్లో పుట్టిన టోంగా కుటుంబం బిడ్డ. గోల్డెన్ గేట్‌కు ఆడి, ఇంగ్లండ్ వెళ్లి, 2014లో అక్కడి లీగు గెలిచిన నార్తాంప్టన్ జట్టులో ఉన్నాడు. అమెరికా తరఫున ప్రపంచ కప్పు ఆడాడు.

చందా అన్న మాట వినగానే మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకొకటి గుర్తు రావాలి. 1926లో ఫిజీలో సాధు కుప్పుస్వామి మొదలుపెట్టిన సంగం బళ్లు అలా లేచినవే. చెరకు కోసే చేతులతోనే చందా వేసుకున్నారు. పిల్లలకు చదువుతోపాటు తెలుగు, తమిళం నేర్పించారు. ఎవరో జీతమిచ్చి నడిపే దాకా వాళ్లు ఆగి ఉంటే ఈ పత్రిక చదివేవాళ్లు ఇంకా తక్కువమంది ఉండేవారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. మన ఇళ్లలో ఒక మాట ఉండేది: సాకర్ మనది, రగ్బీ వాళ్లది. వాళ్లు అంటే ఇతౌకెయిలు, ఆ నేల సొంత మనుషులు. దానికి కారణం ఉంది. 1938లో పుట్టిన ఫిజీ ఫుట్‌బాల్ సంఘం పేరులోనే మొదట ఇండియన్ అని ఉండేది. అందరి సంఘంగా మారింది 1961లో. ఈస్టర్ రోజుల్లో సంగం సభలు జరిగితే పక్కన సాకర్ పోటీలు తప్పవు. ఎవరి ఆట వాళ్లది, ఎవరి గీత వాళ్లది. 1987లో కుట్ర జరిగాక ఆ గీత ఇంకా లోతుగా పడింది. చాలా కుటుంబాలు సామాను కట్టుకుని శాక్రమెంటోకు, మొడెస్టోకు, హేవర్డ్‌కు వచ్చేశాయి.

హేవర్డ్ వీధుల్లో నడిస్తే ఫిజీ కొట్లు కనిపిస్తాయి. ఎండిన చేపలు, దాలో దుంపలు, గ్రోగ్ పొడి దొరుకుతాయి. అదే ఊళ్లో లైఫ్ వెస్ట్ అనే కైరోప్రాక్టిక్ కళాశాల ఉంది. దాని పేరు మీద గ్లాడియేటర్స్ అనే జట్టు తరవాతి రోజుల్లో పసిఫిక్ ప్రీమియర్‌షిప్‌లో ఆడింది. అంటే ఈ ఆట మన గడప దాకా వచ్చింది. మనమే గడప దాటి చూడలేదేమో, ఒకసారి ఆలోచించండి. రియోలో ఫిజీ గెలిచిన రోజు మీరూ కేక వేశారు కదా. అప్పుడు ఆ ఆట ఎవరిదని అడగలేదు.

మైదానానికి వెళితే ఏం చూడాలి? క్లబ్బు మ్యాచ్‌లకు చాలాచోట్ల టికెట్ ఉండదు. గీత పక్కనే నిలబడవచ్చు. స్క్రమ్‌లో రెండు జట్ల ముందువరసలు తలలు కలిపి తోసుకునేటప్పుడు వచ్చే శబ్దం టీవీలో వినిపించదు. రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడతాడు. మర్యాదగా సర్ అంటాడు. ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకుంటాయి. ఆతిథ్యం ఇచ్చే జట్టు వచ్చిన జట్టుకు అన్నం పెట్టాలి. అది పాత ఆచారం. ఇంతకు ముందే పడగొట్టినవాడికే పళ్లెం అందిస్తారు.

తెలుగు మాటలు తీసుకెళ్లండి. పట్టుకో, వదలకు, తొయ్, వెనక్కి వెయ్. పిల్లల చేత అరిపించండి. పక్కన ఫిజీ చొక్కా వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు మీరే బులా అనండి. మీ పిల్లలకు ఆట నచ్చితే, క్లబ్బువాళ్ల దగ్గరికి వెళ్లి చిన్నపిల్లల జట్టుకు చందా ఎంతో అడగండి. మీ తాతలు ఏ ఊరివాళ్లు అని అక్కడ ఎవరూ అడగరు. మంగళవారం సాయంత్రం సాధనకు వస్తారా అని అడుగుతారు.